బ్రహ్మకమలం విత్తనం రాలనివ్వండి
ఉత్తరాఖండ్ ప్రభుత్వానికి తెలుగు యాత్రికుల వినతిపత్రం

గౌరవనీయులైన ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి గారికి,
అటవీ, పర్యాటక శాఖల మంత్రులకు,
బదరీనాథ్–కేదార్‌నాథ్ ఆలయ కమిటీ అధ్యక్షులకు

విషయం: కొండల్లో సహజంగా పూసే బ్రహ్మకమలాన్ని తెంపి అమ్మడం ఆపించాలని, ఆ పువ్వు పెరిగే ఎత్తైన గడ్డిమైదానాలను కాపాడాలని మనవి.

అయ్యా,

మేం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చార్‌ధామ్‌కు, హేమకుండ్‌కు, పూలలోయకు వచ్చే యాత్రికులం. మాలో గుడి కోసం వచ్చేవాళ్లున్నారు, కొండ కోసం వచ్చేవాళ్లున్నారు, కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పేవాళ్లూ ఉన్నారు. మా కోరిక ముందు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాం. కొండ మీద దానంతటది పుట్టిన బ్రహ్మకమలాన్ని యాత్రికులకు అమ్మడం ఆపించండి. పూజకు కావాలంటే పెంచిన పువ్వు ఇప్పించండి. మీ ఊళ్లవాళ్లు తరతరాలుగా నందాష్టమికి తెచ్చుకునే పువ్వు జోలికి మాత్రం వెళ్లకండి.

పరాయి రాష్ట్రంవాళ్లకు ఈ పువ్వుతో ఏం పని అని మీరు అడగవచ్చు. దాన్ని కొనేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, అందుకే వచ్చాం. 2023లో ఒక్క కేదార్‌నాథ్‌కే 19 లక్షల మందికి పైగా వచ్చారు. ఆ వరసలో తెలుగు వినబడని పూట ఉండదు. కేదారేశ్వరుడికి బ్రహ్మకమలం సమర్పిస్తే ఎంత పుణ్యమో మా వైపు టూర్లవాళ్లు బస్సులోనే చెబుతారు. యాత్రా వీడియోలు పెట్టేవాళ్లు పువ్వును చేత్తో పట్టుకుని మరీ చెబుతారు. గిరాకీ మా దగ్గర పుడుతోంది కనక, మీరు పెట్టబోయే నియమం ముందు మాకే వర్తించాలని అడుగుతున్నాం.

ఇందులో ఇంకో చిక్కుంది. మా ఊళ్లలో బ్రహ్మకమలం అని కుండీల్లో పెంచేది వేరే మొక్క. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతిది. రాత్రిపూట తెల్లగా విచ్చి, తెల్లారేసరికి వాలిపోతుంది. విరిసిన రోజు ఇరుగుపొరుగును పిలిచి హారతి ఇస్తారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. ముక్క గుచ్చితే బతికే ఆ మొక్కకు వచ్చిన ముప్పేమీ లేదు. దాన్ని చూసిన కళ్లతో కేదార్‌నాథ్ వచ్చేవాళ్లకు కొండ మీది పువ్వు అరుదైనదన్న ఊహే రాదు. “మా మేడ మీద పోయినేడు పాతిక పూశాయండీ” అంటారు.

గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు వెళ్లే 16 కిలోమీటర్ల దారిలో, వానల్లో, మేం చూసినదొకటి చెప్పాలి. నీలం టార్పాలిన్ కింద టీ కొట్టు. మ్యాగీ ప్యాకెట్ల పక్కన పళ్లెంలో తడిగుడ్డ పరిచి బ్రహ్మకమలాలు పేర్చి ఉన్నాయి. కోసి ఎన్నాళ్లయిందో, పలచటి పై పొరల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కొన్నింటికి కాడతో పాటు వేరుముక్క కూడా ఊడి వచ్చింది, దానికి నల్లమట్టి ఇంకా అంటుకునే ఉంది. బేరం తెలుగులో సాగుతోంది. అమ్మే కుర్రాడికి ‘ఎంత’, ‘తగ్గించు’ అనే రెండు మాటలూ బాగా తెలుసు. మాతో వచ్చిన వృక్షశాస్త్రం మాస్టారు పువ్వు కాదు, ఆ వేరుముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. పువ్వు పోతే ఆ ఏటి విత్తనం పోయినట్టు. వేరు పోతే ఆ మొక్కే పోయినట్టు.

మీ అటవీ అధికారులకు ఈ మొక్క గురించి మేం చెప్పేదేమీ లేదు. కానీ ఈ కాగితం చదివేవాళ్లందరూ కొండెక్కినవాళ్లు కారు కనక నాలుగు ముక్కలు రాయాలి. దీని శాస్త్రనామం సాసూరియా ఆబ్వల్లాటా. కమలం అని పిలిచినా ఇది బంతి, చామంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబానిది. దాదాపు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తులో, చెట్లు ఆగిపోయిన చోటికి పైన, రాళ్ల సందుల్లోనూ మీరు బుగ్యాళ్లనే గడ్డిమైదానాల్లోనూ పెరుగుతుంది. అందరూ రేకులనుకునేవి రేకులు కావు, లేత పసుపుపచ్చ రంగు పత్రాలు. అసలు పూలు వాటి లోపల ఊదారంగు గుత్తిగా దాక్కుని ఉంటాయి, దగ్గరికెళితే ఘాటైన వాసన వేస్తాయి. లాంతరు చిమ్నీ దీపాన్ని కాచినట్టు ఆ పత్రాలు గుత్తిని గాలి నుంచీ వాన నుంచీ కాస్తాయి, మబ్బు విడిచి ఎండ కాసిన కాసేపట్లోనే లోపల వెచ్చదనాన్ని నిలుపుతాయి. పుప్పొడి తడవకూడదు, ఆ చలిలో తిరిగే కాసిని పురుగులూ పువ్వు దాకా రావాలి. ఈ ఏర్పాటంతా విత్తనం కోసం. పూత జులై నుంచి సెప్టెంబరు దాకా. విత్తు ముదిరి, దాని నూగుకుచ్చు పట్టుకుని గాలికి ఎగిరిపోవడానికి శరదృతువు రావాలి. ఆ తర్వాత అంతా మంచు. మళ్లీ అది కరిగేదాకా మొక్క అని చెప్పుకోవడానికి మిగిలేది మట్టిలోని వేరుదుంప ఒక్కటే. మల్లెతీగ ఇవాళ కోస్తే రేపు మళ్లీ మొగ్గ తొడుగుతుంది. ఈ కాడకు మాత్రం ఏడాదికి ఒకటే పూత.

ఇప్పుడు పంచాంగం సంగతి. యాత్రలో అసలు రద్దీ మే, జూన్లలో. అప్పటికి బ్రహ్మకమలం ఇంకా ఆకుల్లోనే ఉంటుంది. కాబట్టి మేం కోరే కట్టడి యాత్రాకాలం మొత్తానికి అక్కర్లేదు, నాలుగు నెలలకు చాలు. చిక్కల్లా శ్రావణంతోనే. శ్రావణం కూడా ఒకటి కాదు, రెండు. ఉత్తరాది సావన్ పౌర్ణమి వెళ్లిన మర్నాడు మొదలవుతుంది, మాది అమావాస్య వెళ్లాక. వాళ్లది సగం గడిచేసరికి మాది మొదలై, వాళ్లది ముగిశాక ఇంకో పదిహేను రోజులు నడుస్తుంది. రెండూ కలిపి నెలన్నర పాటు శివుడికి పూల గిరాకీ తగ్గదు. మొక్క పుప్పొడి అందుకుని విత్తు కట్టుకోవలసిన నెలన్నర కూడా అదే.

మీ కొండ ఊళ్ల ఆచారం ఇంతకన్నా ఎంతో తెలివైనది. నందాష్టమి భాద్రపదంలో వస్తుంది. అప్పటిదాకా పువ్వు ముట్టకూడదని పెద్దల మాట. పండక్కి ఊరి తరఫున కొందరు నియమంగా, చెప్పులు విడిచి పైకెళ్లి, నందాదేవికి కావలసినన్ని తెస్తారు. పూజయ్యాక ఆ పువ్వునే ప్రసాదంగా పంచుకుంటారు. ఆలస్యంగా కోస్తారు, తక్కువ కోస్తారు, ఎవరు కోయాలో ఊరు చెబుతుంది. వృక్షశాస్త్రవేత్తను కూర్చోబెట్టి కోత నియమాలు రాయమన్నా ఇంతకంటే పెద్దగా కలిపేదేమీ ఉండదు. బజారు వచ్చి ఈ మూడింటినీ తిరగేసింది. ముందే కోస్తున్నారు, దొరికినన్ని కోస్తున్నారు, ఎవరు పడితే వాళ్లు కోస్తున్నారు.

భూమ్మీద ఈ పువ్వు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని మేం అనడం లేదు. నేపాల్, భూటాన్, టిబెట్‌లలోనూ ఉంది. మనిషి అడుగు పడని లోయల్లో ఇప్పటికీ నిండుగానే పూస్తూ ఉండవచ్చు. మా బెంగ యాత్రాదారుల పక్కన ఉన్న మొక్కల గురించే. కేదార్‌నాథ్‌లో గుడి చుట్టుపక్కల ఎంత వెతికినా కనబడని పువ్వు, వాసుకి తాల్ వైపు ఎక్కాకనే మాకు గుంపుగా కనబడింది. చేతికందే దూరంలోవి అయిపోతే, కోసేవాళ్లు ఇంకా పైకే ఎక్కుతారు.

ఆ తర్వాత ఏమవుతుందో దీని దాయాది చెబుతుంది. మా మూలికల అంగళ్లలో చెంగల్వ కోష్టు అని తూచి ఇచ్చే వేరు, మీరు కుఠ్ అనేది, ఇదే సాసూరియా ప్రజాతిది. వేరు కోసం తవ్వి తవ్వి దాన్ని అడవిలో దాదాపు లేకుండా చేశారు. 1985 నుంచి అడవి కుఠ్ అంతర్జాతీయ వ్యాపారం మీద అన్నిటికన్నా కఠినమైన ఆంక్ష ఉంది. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి మొక్కల కోసం ఆరో షెడ్యూలు చేర్చినప్పుడు అందులో ఉన్నవి ఆరు రకాలే. వాటిలో కుఠ్ ఒకటి, మా శేషాచలం కొండల బెడ్డోమ్ సైకస్ ఇంకొకటి. మీ కొండా మా కొండా ఆ చిన్న పట్టికలో పక్కపక్కనే ఉన్నాయన్నమాట. అయితే పట్టికలో పేరెక్కగానే పనైపోదని ఎర్రచందనం పుట్టిన నేలవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ చట్టాలున్నాయి, టాస్క్‌ఫోర్స్ ఉంది, చెక్‌పోస్టులున్నాయి, దుంగలూ వెళుతూనే ఉన్నాయి. కొనేవాడు ఉన్నంతకాలం గొడ్డలి ఆగదు. అందుకే మేం అడిగేవాటిలో ఎక్కువ భాగం కొనేవాడి గురించే.

మా మొదటి కోరిక, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆలయ కమిటీకి. భక్తులు బయట కొని తెచ్చిన అడవి బ్రహ్మకమలాన్ని గుడిలో స్వీకరించబోమని ఒక్క ప్రకటన చేయండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క గార్డును కూడా అదనంగా పెట్టనక్కర్లేదు. దేవుడు తీసుకోని పువ్వును దుకాణంలో ఎవరూ పెట్టుకోరు. ఈ మాట ప్రధానార్చకులైన రావల్ గారి నోట వస్తే మా వైపు భక్తులు ఇంకా త్వరగా వింటారు. కేదార్‌నాథ్ రావల్ వీరశైవ సంప్రదాయం నుంచి, బదరీనాథ్ రావల్ కేరళ నంబూద్రి కుటుంబాల నుంచి వస్తారు. దక్షిణాది భక్తుడికి దక్షిణాది అర్చకుడు చెబితే అందులో కాదనేదేముంటుంది? పైగా బదరీనాథుడి మెడలో పడే మాల బదరీ తులసిది, బ్రహ్మకమలానిది కాదు. కేదారంలో శివుడికి మారేడు దళం ఉండనే ఉంది. అది వాడినా పూజకు పనికొస్తుందని మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటాం.

దీనికి తోడుగా ప్రభుత్వం చేయవలసినది: జులై 1 నుంచి అక్టోబరు చివరి దాకా కేదార్‌నాథ్, బదరీనాథ్, హేమకుండ్ దారుల్లో, రుద్రనాథ్, తుంగనాథ్, మధ్యమహేశ్వర్ బాటల్లో అడవి బ్రహ్మకమలం అమ్మకాన్నీ కొనుగోలునూ నిషేధించాలి. జాతీయ పార్కులో పువ్వు తెంపడం ఇప్పటికే నేరం. కానీ పూలలోయ పార్కు 87.5 చదరపు కిలోమీటర్లే, పువ్వుకు ఆ హద్దు తెలియదు. జరిమానా మాత్రం కొన్నవాడికి వేయండి. టీ కొట్టు కుర్రాడి ముందు రశీదు పుస్తకం తెరవడం తేలికే, కానీ వాడికి ఆ పళ్లెం పెట్టుకునే అవసరం కల్పించింది ఎవరు? విమానం టికెట్టూ, హెలికాప్టర్ టికెట్టూ కొనుక్కుని వచ్చినవాడు జరిమానా కట్టగలడు.

ఊళ్ల ఆచారాన్ని ఈ నిషేధంలో కలపవద్దని మళ్లీ చెబుతున్నాం. నిషేధం అంటే అధికారులకు అందరినీ ఒకే గాటన కట్టడం అలవాటు. 1974లో రైణీలో చెట్లను కౌగిలించుకుని అడవిని నిలబెట్టింది గౌరాదేవి, ఆమె వెంట నడిచిన ఆ ఊరి ఆడవాళ్లు. 1982లో నందాదేవి జాతీయ పార్కు ప్రకటించి లోపలికి రాకపోకలు మూసేసినప్పుడు దారి పోయింది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే. 1998లో వాటిలో ఒకటైన లాతా గ్రామస్థులు ‘ఝప్టో ఛీనో’ (ఎగబడి లాక్కోండి) అని ఉద్యమం చేయవలసి వచ్చింది. ఆ చరిత్ర ఇంకోసారి జరగనివ్వకండి. మీ రాష్ట్రంలో ఊరి అడవిని ఊరే చూసుకునే వన పంచాయతీలు పదకొండు వేలకు పైగా ఉన్నాయి. మాకు తెలిసినంతలో ఇంత పాతుకుపోయిన ఏర్పాటు దేశంలో అరుదు. ఏ బుగ్యాల్ నుంచి నందాష్టమికి ఎన్ని పూలు, ఎవరు తేవాలన్నది ఆ బుగ్యాల్ మీద హక్కున్న పంచాయతీయే రాసి పెట్టాలి. అటవీ శాఖ ఆ కాగితం మీద ముద్ర వేస్తే చాలు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ఊరూరా ఉండవలసిన జీవవైవిధ్య కమిటీల రిజిస్టర్లలో కూడా ఇది ఎక్కాలి.

ఇక పెంచడం. ఇది మేం కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. 2021 ఆగస్టులో మాణాలో, 11,000 అడుగుల ఎత్తున, మీ అటవీ శాఖ పరిశోధన విభాగం మూలికల వనం తెరిచింది. మాణా వన పంచాయతీ ఇచ్చిన నేలలో, దాదాపు మూడెకరాల్లో, నలభై దాకా రకాలు పెంచుతున్నారు. అందులో సాసూరియాలకు ఒక భాగమే కేటాయించి బ్రహ్మకమలం, ఫేన్‌కమలం, నీలకమలం, కుఠ్ పెట్టారు. అంటే నేల, మనుషులు, పనితనం అన్నీ ఉన్నాయి. శ్రీనగర్‌లోని గఢ్వాల్ విశ్వవిద్యాలయానికి ఎత్తైన ప్రాంతాల మొక్కల మీదే పరిశోధించే కేంద్రం ఉంది, తుంగనాథ్ దగ్గర దాని క్షేత్రమూ ఉంది. వీళ్లిద్దరినీ కలిపి, చెట్లు ఆగే ఎత్తులో ఉన్న ఊళ్ల మహిళా మంగళ్ దళాలకు విత్తనం నుంచి మొక్క పెంచే పని అప్పగించండి. కేదార్‌నాథ్ ప్రసాదంలో ఆ జిల్లా మహిళా సంఘాలు చౌలాయి లడ్డు చేసి ఇవ్వడం మొదలుపెట్టాక ఏమైందో మీకు తెలుసు. తోటకూర గింజ పండించే రైతుకూ, లడ్డు చుట్టే ఆడవాళ్లకూ యాత్ర డబ్బు చేరింది. పువ్వు విషయంలోనూ అదే బాట పట్టవచ్చు. టీ కొట్టు కుర్రాడికి మేం చూపించగల బదులు దారి ఇదే, ఇది లేకుండా నిషేధం మాత్రమే పెడితే అమ్మకం పళ్లెంలోంచి సంచీలోకి మారుతుంది.

పెంచడంలో మూడు జాగ్రత్తలు అడుగుతున్నాం. కొండ మీది వేరుదుంపలు తవ్వి తెచ్చి తోటలో పాతి ‘సాగు’ అని లెక్క చూపించకూడదు. విత్తనాన్ని కూడా ఒకే వాలు నుంచి ఊడ్చుకు రాకూడదు. తోట పువ్వు కాడకు వన పంచాయతీ ముద్ర ఉన్న చీటీ కట్టాలి, చీటీ లేని పువ్వు అడవిదని లెక్క. పట్టాభూమి చందనమని చెప్పి అడవి చందనాన్ని దాటించడం ఎలా ఉంటుందో మా వైపు వార్తాపత్రికల్లో చదివి చదివి ఉన్నాం. తోట పూలు నాలుగైదేళ్ల దాకా చాలినన్ని రావేమో. రాకపోతే అప్పటిదాకా యాత్రికులకు పువ్వు లేదు. అంతే.

పువ్వు ఒక్కదాన్నీ చూసి బుగ్యాల్‌ను మరిస్తే లాభం లేదు. 2018 ఆగస్టులో నైనీతాల్‌లోని మీ హైకోర్టు, ఆలీ–బేద్నీ–బగ్జీ బుగ్యాళ్ల సంరక్షణ కోసం ఊళ్లవాళ్లు వేసిన వ్యాజ్యంలో, బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించమనీ, సందర్శకులను రోజుకు 200 మందికి మించనివ్వవద్దనీ, శాశ్వత కట్టడాలు తీసేయమనీ ఆదేశించింది. మాలో ట్రెక్కింగ్ చేసేవాళ్లకు అది మింగుడు పడని తీర్పే. బేద్నీలో గుడారం వేసుకుని తెల్లారి త్రిశూల్ శిఖరం చూడటం ఎవరికి ఇష్టముండదు? అయినా దాన్ని అమలు చేయమనే అడుగుతున్నాం. గుడారం కింద రెండు రోజులు నలిగిన గడ్డి ఆ చలిలో తేరుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో, గడ్డి పోయిన చోట వాన మట్టిని ఎలా కోస్తుందో అక్కడ నడిచినవాళ్లకు తెలుసు. దయారా బుగ్యాల్‌లో మీ అటవీ శాఖ కొబ్బరిపీచు వలలు పరిచి కోత ఆపిన పని మెచ్చదగ్గది. మా కోనసీమవాళ్లకు చెబితే పీచుకు ఇంత పైన పనిపడిందా అని ఆశ్చర్యపోయారు. మిగతా బుగ్యాళ్లకూ ఆ పని చేరాలి. పన్నెండేళ్లకోసారి నందాదేవి రాజ్ జాత్ నడిచే దారిలో యాత్రకు ముందే అది జరగాలి, యాత్ర అయ్యాక కాదు. కీడాజడీ అనే శిలీంధ్రం కోసం మే, జూన్లలో వారాల తరబడి బుగ్యాళ్ల మీదే మకాం పెట్టేవాళ్ల సంఖ్యను వన పంచాయతీల ద్వారానే అదుపులో పెట్టాలి. పొయ్యికి జునిపర్ పొదలు నరకకుండా వాళ్లకు గ్యాసు అందించాలి.

పశువుల మేత మీద గుడ్డిగా నిషేధం పెట్టమని మేం అడగం. పూలలోయలో 1980లలో మేత ఆపాక, స్థానికులు అమెలా అనే పొడవాటి మొక్క విపరీతంగా అల్లుకుని, చిన్న పూలమొక్కలకు వెలుతురు అందకుండా చేసింది. దాన్ని ఏటా మనుషులను పెట్టి పీకించవలసి వస్తోంది. మేత వల్లే అది అదుపులో ఉండేదా, వేరే కారణాలున్నాయా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. ఆ వాదనలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. గొర్రెలతో పైకెళ్లేవాళ్లను కూర్చోబెట్టి అడగకుండా గేటు మూయవద్దని మాత్రం చెబుతున్నాం.

లెక్క కావాలి. బ్రహ్మకమలం మీ రాష్ట్ర పుష్పం. 1982లో తపాలా శాఖ హిమాలయ పుష్పాల వరసలో దాని మీద బిళ్ల వేసింది. 2022 గణతంత్ర దినోత్సవాన ప్రధానమంత్రి పెట్టుకున్న ఉత్తరాఖండ్ టోపీ మీద మెరిసిందీ అదే. ఇంత గౌరవం ఉన్న పువ్వు ఏ వాలు మీద ఎన్ని కాడలు వేసిందో సామాన్యుడు చదివేలా ఏటా ఒక పేజీ రావాలి. కేదార్‌నాథ్ పైన, తుంగనాథ్ దగ్గర, హేమకుండ్ దారిలో, మనుషులు వెళ్లని ఏదో ఒక లోయలో గుర్తులు పెట్టిన గడులు ఎంచుకుని, ఆగస్టులో పూసిన కాడలు, అక్టోబరులో విత్తు కట్టిన కాడలు లెక్కపెట్టండి. రెండు అంకెలకూ మధ్య తేడాయే మనుషుల చేతివాటం చెబుతుంది. ఎక్కగలిగిన అధ్యాపకులు, విద్యార్థులు మా రాష్ట్రాల నుంచి సొంత ఖర్చుతో వచ్చి ఈ పనిలో మీవాళ్లకు సాయపడతారు.

ఆఖరిది చిన్నది. చార్‌ధామ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కదా. పేరు నమోదు కాగానే ఫోనుకు వచ్చే సందేశంలో ఒక్క వాక్యం, యాత్రికుడి భాషలో చేర్చండి. తెలుగులో ఆ వాక్యం మేం రాసిపెట్టాం: ‘కొండ మీది బ్రహ్మకమలం కొనకండి, తెంపకండి, గుడిలో తీసుకోరు.’ కింద తమిళం, కన్నడం, మరాఠీ, గుజరాతీ, బంగ్లా మీరు రాయించుకోండి. సోన్‌ప్రయాగ్‌లోనూ గోవింద్‌ఘాట్‌లోనూ ఇదే బోర్డు మీద ఉండాలి, పక్కన పువ్వు బొమ్మ ఉండాలి. బొమ్మ లేకపోతే మావాళ్లు మేడ మీది కాక్టస్ అనుకుంటారు.

మా వంతుగా రెండు పనులకు ఒప్పుకుంటున్నాం. తెలుగు రాష్ట్రాల్లో చార్‌ధామ్ యాత్రలు నడిపేవాళ్లను కలిసి, వాళ్ల కరపత్రాల్లోంచి, బస్సులో చెప్పే మాటల్లోంచి బ్రహ్మకమలం సమర్పణను తీయిస్తాం, మారేడు దళాలు వెంట తెచ్చుకోమని రాయిస్తాం. యాత్రా వీడియోలు తీసేవాళ్లకూ ఇదే చెబుతాం. వినేవాళ్లు కొందరే కావచ్చు, అయినా చెబుతాం.

పైవాటిలో ఆలయ కమిటీ ప్రకటన ఒక్కటి వచ్చే జులై లోపు వెలువడితే ఆ పూతకాలానికే ఫలితం కనబడుతుంది. మిగతావాటికి సమయం పడుతుందని మాకు తెలుసు. అటవీ శాఖ, ఆలయ కమిటీ, వన పంచాయతీల ప్రతినిధులతో గోపేశ్వర్‌లో గానీ రుద్రప్రయాగలో గానీ ఒక సమావేశం పిలిస్తే మా తరఫున ముగ్గురం వస్తాం. ఈ వినతిపత్రానికి హిందీ ప్రతి జతచేశాం.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన యాత్రికులు, ట్రెక్కర్లు, వృక్షశాస్త్ర అధ్యాపకులు
(సంతకాలు జతపరచిన పేజీల్లో)

ప్రతులు: ఉత్తరాఖండ్ జీవవైవిధ్య మండలికి, చమోలీ, రుద్రప్రయాగ జిల్లాల కలెక్టర్లకు, మాణా వన పంచాయతీ సర్పంచ్ గారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేవాదాయ శాఖల కమిషనర్లకు, తమ పరిధిలోని ఆలయాల నోటీసు బోర్డుల మీద పెట్టించవలసిందిగా కోరుతూ.